మంచువాలు దిగడానికి కాళ్ల సాధన

స్కీయింగ్‌లో కొండ ఎక్కించే పని కేబుల్ కారుది. కాళ్లకు మిగిలేది దిగడం. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న మైదానం నుంచి గొండోలా రెండు దశల్లో అఫర్‌వాట్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా చేరుస్తుంది. అక్కడి నుంచి కిందికి వచ్చేదాకా ప్రతి మలుపులోనూ వేగాన్ని అదుపు చేసే భారం ఎక్కువగా తొడలదే. రోజూ పొద్దున్నే నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు కూడా మంచు మీద రెండో రోజుకే కుంటుతూ తిరగడానికి కారణం ఇదే. వాళ్ల కాళ్లలో బలం లేక కాదు, ఈ రకం పని అలవాటు లేక.

మెట్లు ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం పొట్టిబడుతూ శరీరాన్ని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే బరువును ఆపుతూ ఉంటుంది. స్కీ మలుపులో మోకాళ్లు వంచి మంచును అదిమినప్పుడు జరిగేదీ ఇదే. ఇలా సాగుతూ పనిచేసినప్పుడు కండరపు పోగుల్లో కంటికి కనపడనంత సూక్ష్మమైన దెబ్బలు తగులుతాయి. నొప్పి వెంటనే తెలియదు. మర్నాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల లోపు తీవ్రమై, ఆ తర్వాత తగ్గుతుంది. వారం రోజుల శిక్షణకు వెళ్లినవారికి ఇందులోనే సగం రోజులు పోతాయి. అయితే శరీరానికి ఒక మంచి గుణం ఉంది. ఒకసారి ఈ పని రుచి చూసిన కండరం రెండోసారి అంతగా దెబ్బతినదు, ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. కాబట్టి ఆ మొదటి నొప్పి ఏదో ఇంటి దగ్గరే పడటం మేలు.

ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, వారానికి రెండు మూడుసార్ల చొప్పున సాధన మొదలుపెట్టాలి. బస్కీలు తీసేటప్పుడు కిందికి దిగడానికి మూడు నాలుగు సెకన్లు తీసుకోవాలి, లేవడం మామూలుగానే. బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ కూడా ఇక్కడ మంచి కసరత్తే, ఎందుకంటే మోకాళ్లు వంచిన భంగిమలోనే చాలాసేపు నిలవడం స్కీయింగ్‌లో తప్పనిసరి. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మరో తేలిక దారి ఉంది: లిఫ్టులో పైకి వెళ్లి, మెట్ల మీద నెమ్మదిగా దిగడం.

వీటన్నిటికన్నా పనికొచ్చేది ఒంటికాలి కసరత్తు. మెట్టు అంచున ఒక కాలి మీద నిలబడి, రెండో కాలి మడమను కింది మెట్టుకు మెల్లగా తాకించాలి. దాని మీద బరువు వేయకుండానే మళ్లీ పైకి లేవాలి. అద్దం ముందు చేస్తే అసలు లోపం బయటపడుతుంది. చాలామందికి మోకాలు లోపలికి వాలిపోతుంది. మోకాలిచిప్ప పాదం వేళ్ల వైపు తిన్నగా ఉండేలా దిగగలిగినంత లోతు చాలు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ముందుగా ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.

మోకాలి మీద ఇంత శ్రద్ధ ఊరికే కాదు. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ చిప్పతో చీలమండను బిగించేస్తుంది. పొడవాటి స్కీ మంచులో మెలిపడితే ఆ మెలి చీలమండను దాటి మోకాలికి చేరుతుంది. మోకాలి లోపల తొడ ఎముకను కాలి ఎముకతో కలిపే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగడం ఈ ఆటలో అందరూ భయపడే గాయం. కాలి ఎముక ముందుకు జారకుండా ఆ లిగమెంట్‌కు తోడుగా పట్టి ఉంచేవి తొడ వెనుక కండరాలు. అందుకే తొడ ముందు భాగాన్ని మాత్రమే పెంచడం సగం పనే. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు వంచి, నడుము పైకెత్తి నిలపడం, అలవాటయ్యాక అదే ఒంటికాలితో చేయడం వెనుక భాగానికి, పిరుదులకు బలమిస్తాయి. వెనక్కి పడిపోతూ, ఇంకా జారుతుండగానే లేవాలని ప్రయత్నించడం ఏసీఎల్‌కు ప్రమాదకరం. పడిపోయాక పూర్తిగా ఆగేదాకా లేవకూడదు. స్కీలు అద్దెకు తీసుకునేచోట బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం నిజాయతీగా చెప్పాలి. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడివచ్చేలా ఉండే బిగింపును వాటిని బట్టే సరిచేస్తారు.

స్నోబోర్డు సంగతి వేరు. రెండు పాదాలూ ఒకే పలకకు బిగిసి ఉంటాయి కాబట్టి మోకాలు విడిగా మెలిపడే ముప్పు తక్కువ. పడినప్పుడు చాచిన చేయి నేలకు తగిలి మణికట్టు విరగడం కొత్తవారిలో ఎక్కువ. పిడికిళ్లు బిగించి ముంజేతుల మీద పడటం పరుపు మీద ముందే సాధన చేయాలి, మణికట్టు రక్షణ కవచాలు వేసుకోవాలి. పడి లేవడమే సగం రోజు సాగుతుంది కనుక దండేలు, ప్లాంక్ ఇక్కడ మరింత అవసరం.

గుల్‌మార్గ్ మైదానంలో గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో నాలుగింట మూడు వంతుల లోపే. అఫర్‌వాట్ పైన ఐదింట మూడు వంతులే. విశాఖ బీచ్‌లో ఎంత పరుగెత్తినా ఆ ఎత్తు అలవాటు కాదు, కానీ గుండె, ఊపిరితిత్తులు దృఢంగా ఉంటే ఆయాసం నుంచి త్వరగా తేరుకోవచ్చు. చేరిన రోజు తేలికపాటి నడకతో సరిపెట్టుకోవాలి. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి వెళ్లకూడదు.

చివరి గట్టి కసరత్తు ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే ముగించాలి. పట్టేసిన తొడలు వదలడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.