చిన్న, మధ్యతరహా సంస్థలు - పనితీరు మదింపు, సుస్థిరత

పనితీరు మదింపు అనగా ఒక సంస్థ తన లక్ష్యాలను ఎంతవరకు సాధించినదో నిర్ణీత కొలమానాలతో లెక్కించి చూచుకొనుట. లాభనష్టాలతో పాటు నీరు, విద్యుత్తు, వ్యర్థాలు, కార్మికుల భద్రత వంటి అంశాలను కూడా లెక్కించినపుడే సంస్థ సుస్థిరత, అంటే దీర్ఘకాలము నిలువగల శక్తి, తెలియగలదు.

వర్గీకరణ

భారతదేశంలో 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన పరిమితుల ప్రకారం, యంత్రసామగ్రిపై పెట్టుబడి 25 కోట్ల రూపాయలు, వార్షిక టర్నోవరు 100 కోట్లు మించనివి చిన్న సంస్థలు. ఇవే పరిమితులు మధ్యతరహా సంస్థలకు 125 కోట్లు, 500 కోట్లు. ఇంతకన్నా చిన్నవైన సూక్ష్మ సంస్థలకు ఇవి 2.5 కోట్లు, 10 కోట్లు.

కొలమానాలు

1992లో రాబర్ట్ కప్లాన్, డేవిడ్ నార్టన్ 'బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్' పద్ధతిని ప్రతిపాదించారు. ఇందులో ఆర్థిక ఫలితాలు, వినియోగదారులు, అంతర్గత ప్రక్రియలు, అభ్యసనము-వృద్ధి అను నాలుగు కోణాలున్నాయి. 1994లో జాన్ ఎల్కింగ్టన్ ప్రతిపాదించిన 'ట్రిపుల్ బాటమ్ లైన్' భావన లాభానికి సమాజాన్ని, పర్యావరణాన్ని జోడించినది.

చిన్న సంస్థలో చాలాసార్లు యజమానే మేనేజరు, లెక్కలు వ్రాసేదీ ఆయనే. కనుక కొద్దిపాటి కొలమానాలే ఆచరణయోగ్యము:

* కిలో సరుకుకు వాడిన నీరు, విద్యుత్తు
* తయారైన ప్రతి వందలో పనికిరాని వస్తువులు
* పనిలో జరిగిన ప్రమాదాలు
* సరుకు అమ్మిన తరువాత సొమ్ము చేతికి వచ్చుటకు పట్టిన రోజులు

చివరిది ముఖ్యమైనది. లాభము ఉన్నప్పటికీ బాకీలు వసూలు కాక మూతపడే సంస్థలున్నాయి. అందువలననే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము, సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు చెల్లించవలసిన గడువు 45 రోజులు మించరాదని నిర్దేశించినది.

తిరుప్పూరు ఉదాహరణ

తమిళనాడులోని తిరుప్పూరు అల్లిక దుస్తుల ఎగుమతికి ప్రసిద్ధి చెందినది. ఇక్కడి అద్దకపు సంస్థలు వదలిన ఉప్పు, రంగు నీరు కావేరి ఉపనది అయిన నొయ్యల్‌లో కలిసి, సాగునీటికై నిర్మించిన ఒరత్తుపాళయం జలాశయంలో నిలిచినది. ఆ నీరు పొలాలకు పనికిరాకపోవుటచే రైతులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు, వ్యర్థజలాన్ని ఏమాత్రం బయటికి వదలని ఏర్పాటు లేని అద్దకపు సంస్థలను మూసివేయించినది. ఎగుమతుల లెక్కలలో కనబడని నది, చివరకు ఆ సంస్థల మనుగడనే నిర్ణయించినది. తరువాత ఉమ్మడి శుద్ధి కేంద్రాలలో నీటిని, ఉప్పును తిరిగి రాబట్టి వాడుకొనే విధానము స్థిరపడినది.

ప్రభుత్వ పథకము

కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రారంభించి 2022లో సవరించిన 'జెడ్' పథకము, సరుకులో లోపము, పర్యావరణానికి హాని రెండూ లేకుండుటను లక్ష్యముగా పెట్టుకొన్నది. సవరించిన పథకములో సంస్థలకు కాంస్య, రజత, స్వర్ణ స్థాయిలలో ధ్రువపత్రాలు ఏర్పరచారు.

ఇవి కూడా చూడండి

* సుస్థిర అభివృద్ధి
* కుటీర పరిశ్రమలు
* జల కాలుష్యము