లేచి నిలబడే బలం: పెద్దవయసులో కండరాల వ్యాయామం

అరవై దాటిన తల్లిదండ్రులున్న ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మీరు కూర్చోండి, మేం చేస్తాం కదా!" ఈ మాటలో ప్రేమ ఉంది, గౌరవం ఉంది. కానీ ఎప్పుడూ కూర్చోబెడితే పెద్దవాళ్ళ కాళ్ళలో సత్తువ తగ్గిపోతుంది. కొన్నాళ్ళకు కుర్చీలోంచి లేవాలన్నా ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వస్తుంది.

వార్డుల్లో నర్సులు తరచుగా చూసే సంగతి ఇది. మరుగుదొడ్డిలో కూర్చుంటే మళ్ళీ లేవలేమన్న భయంతో చాలామంది పెద్దలు, ముఖ్యంగా స్త్రీలు, నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. దాంతో మలబద్ధకం, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ మొదలవుతాయి. రాత్రిపూట తడబడుతూ లేచి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. ఆ తర్వాత ఆపరేషన్, మంచం, బెడ్‌పాన్. ఈ కష్టాలకు చాలాసార్లు మొదటి కారణం తొడల్లో బలం లేకపోవడమే.

కండ ఎందుకు తగ్గుతుంది?

ముప్పై ఏళ్ళు దాటాక ప్రతి పదేళ్ళకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతూ వస్తుంది. అరవై తర్వాత ఇంకా వేగంగా తగ్గుతుంది. ఇది ముదిరితే వైద్యులు సార్కోపీనియా అంటారు. మంచం పడితే నష్టం మరీ ఎక్కువ. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దలే 10 రోజులు మంచం మీద ఉండగా కాళ్ళలో సుమారు ఒక కిలో కండ కోల్పోయారు. అందుకే ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు అనుమతించగానే సిస్టర్లు మిమ్మల్ని లేపి నడిపిస్తారు. దయచేసి విసుక్కోకండి.

పోయిన బలం తిరిగి వస్తుందా?

తప్పకుండా వస్తుంది. 1990లో బోస్టన్ నగరంలోని ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో 90 ఏళ్ళ వయసున్నవారి చేత 8 వారాలపాటు కాళ్ళతో బరువులు ఎత్తించారు. చివరివరకు చేసినవారి తొడల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. 1994లో వంద మందితో మళ్ళీ పరీక్షించారు. వ్యాయామం చేసినవారి బలం రెండింతలైంది, మెట్లెక్కే శక్తి కూడా పెరిగింది. వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవారికి అలాంటి ఫలితం రాలేదు.

"నీరసంగా ఉంది సిస్టర్, ఒక సెలైన్ ఎక్కించండి" అని అడిగేవారు ఈ సంగతి గమనించాలి. అర లీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది సుమారు 25 గ్రాముల చక్కెర. అది కండను పెంచదు.

కండ పెరిగితే షుగర్ కూడా అదుపులోకి వస్తుంది. ఎందుకంటే తిన్న తర్వాత రక్తంలో చేరే గ్లూకోజును ఎక్కువగా వాడుకునేది కండరాలే. ఎముకలకూ గట్టిదనం వస్తుంది. రోజూ నడవడం గుండెకు మంచిదే, కానీ బలానికి అదొక్కటే చాలదు. 65 దాటినవారు వారానికి కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, 3 రోజులు నిలకడ పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

ఇంట్లో చేయదగినవి

1. కూర్చుని లేవడం: గట్టి కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీమీద కట్టుకుని లేవండి, నెమ్మదిగా కూర్చోండి. మొదట్లో కుర్చీ చేతులు పట్టుకున్నా ఫరవాలేదు.
2. మడమలు ఎత్తడం: కిటికీ చువ్వలు పట్టుకుని మునివేళ్ళమీద లేచి, మెల్లగా దిగండి. ఇది నిలకడకు కూడా మంచిది.
3. గోడను నెట్టడం: మూరెడు దూరంలో నిలబడి అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచుతూ ముందుకు వంగి వెనక్కి రండి.
4. సీసాలు ఎత్తడం: రెండు చేతుల్లో అర లీటరు నీళ్ళ సీసాలు పట్టుకుని భుజాలవరకు ఎత్తి దించండి.

ఒక్కొక్కటి 5 సార్లతో మొదలుపెట్టి 10-12కు పెంచండి. అది సులువైతే లీటరు సీసా తీసుకోండి, లేదా కాస్త ఎత్తు తక్కువ కుర్చీ వాడండి. శ్రమ తెలియకపోతే బలం రాదు. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామమిస్తూ చేయండి. మర్నాడు కొంచెం కండ నొప్పి ఉండటం సహజం. కీలు వాచినా, నొప్పి తగ్గకపోయినా ఆపి డాక్టరుకు చూపించండి.

జాగ్రత్తలు

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఎముకల బలహీనత ఉన్నవారు, ఈమధ్య కన్ను లేదా కడుపు ఆపరేషన్ అయినవారు ముందు డాక్టరును అడగండి. ఊపిరి బిగపట్టకండి, ఎత్తేటప్పుడు వదలండి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో చేయకూడదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఎక్కువ ఆయాసం వస్తే వెంటనే ఆపండి. ఛాతీ నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

తిండి సంగతి

చారు మెతుకులతో సరిపెట్టుకుంటే కండ రాదు. కిలో బరువుకు కనీసం ఒక గ్రాము మాంసకృత్తులు పెద్దవారికి అవసరమని చాలామంది నిపుణులు చెబుతున్నారు. అంటే 50 కిలోలున్నవారికి రోజుకు 50 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6, గ్లాసు పాలలో 6-7, గుప్పెడు పప్పులో 7 గ్రాములు ఉంటాయి. చేపలు, పెరుగు, శనగలు కూడా మంచివే. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరు చెప్పినట్టే తినాలి.

పిల్లలకు ఒక మాట

అమ్మ కూరగాయలు తరుగుతానంటే, నాన్న పాలప్యాకెట్టు తెస్తానంటే వద్దనకండి. మరుగుదొడ్డిలో గోడకు గట్టి కమ్మీ బిగించండి, రాత్రి లైటు వేసి ఉంచండి. సాయంత్రం పదినిమిషాలు మీరూ పక్కన కూర్చుని లేవండి. స్త్రీల కూడికల్లో ప్రార్థన తర్వాత అందరూ కలిసి చేస్తే ఇంకా మంచిది.

కాలేబు 85 ఏళ్ళ వయసులో కొండ ప్రదేశాన్ని అడిగి తీసుకున్నాడని యెహోషువ గ్రంథంలో చదువుతాం. మన పెద్దలు అంత పెద్ద కోరికలు కోరడం లేదు. తమంతట తాము లేచి స్నానానికి వెళ్ళాలని, ఆదివారం మందిరం మెట్లు ఎక్కాలని, మోకాళ్ళూని ప్రార్థించి ఎవరి సాయమూ లేకుండా లేవాలని కోరుకుంటారు. ఆ బలం కోసం ఈ వారమే, కుర్చీ దగ్గర అయిదుసార్లతో మొదలుపెట్టండి. ప్రభువు మీ ప్రయత్నాన్ని దీవించుగాక.