ఉబ్బసానికి ఊరట.. ఎముకకు చేటు
స్టెరాయిడ్‌ మాత్రల దీర్ఘకాల వాడకంతో గుల్లబారుతున్న ఎముకలు
ముందే మేలుకుంటే నివారణ సాధ్యం

ఉబ్బస రోగికి స్టెరాయిడ్‌ ప్రాణదాత. ఊపిరాడక విలవిలలాడే మనిషిని కొన్ని గంటల్లో కుదుటపరచగల శక్తి దానికుంది. అదే మందును నెలల తరబడి మాత్రల రూపంలో మింగితే మాత్రం ఎముకలు లోలోపలే గుల్లబారతాయి. నొప్పి ఉండదు, వాపు ఉండదు. బిందె ఎత్తినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో వెన్నుపూస నలిగిపోయాక గానీ నష్టం బయటపడదు. పాత చీటీ చూపి మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కునేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

నిర్మాణం తగ్గి.. క్షయం పెరిగి

ఎముక జడపదార్థం కాదు. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను నిర్మించే కణాలు అందులో నిరంతరం పనిచేస్తుంటాయి. స్టెరాయిడ్‌ ఈ సమతూకాన్ని దెబ్బతీస్తుంది. నిర్మాణ కణాల సంఖ్యను తగ్గిస్తుంది, కరిగించే కణాల ఆయుష్షును పెంచుతుంది. పేగులు ఆహారంలోని కాల్షియాన్ని సరిగా గ్రహించలేవు. మూత్రంలో పోయే కాల్షియం అధికమవుతుంది. కండరాలు నీరసించడంతో పడిపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

1932లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్‌ వర్ణించిన వ్యాధిలోనూ ఎముకల బలహీనత ఒక లక్షణమే. శరీరంలో ఇదే తరహా హార్మోను అతిగా తయారవడం ఆ వ్యాధికి మూలం. 1948లో కార్టిజోన్‌ను తొలిసారి కీళ్లవాత రోగికి ఇచ్చారు. ఆ పరిశోధనలకు 1950లో నోబెల్‌ బహుమతి లభించింది. మందు మహిమతోపాటే దాని దుష్ఫలితాలూ కొద్ది కాలంలోనే వెల్లడయ్యాయి.

తొలి నెలలే కీలకం

మాత్రలు మొదలుపెట్టిన తొలి మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎముక నష్టం అతి వేగంగా సాగుతుంది. రోజుకు 2.5 మిల్లీగ్రాములు, అంతకుమించి ప్రెడ్నిసొలోన్‌ను మూడు నెలలకు పైగా వాడేవారందరూ ఎముకల పట్ల జాగ్రత్త వహించాలని వైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఏటా పలుమార్లు ఉబ్బసం ముదిరి, ప్రతిసారీ వారం పది రోజులు మాత్రలు వాడేవారికీ ఆ మోతాదులన్నీ కలిసి భారమవుతాయి. నెలసరి ఆగిన స్త్రీలు, వృద్ధులు, బక్కపలచని వారు, పొగతాగేవారు మరింత అప్రమత్తంగా ఉండాలి.

ఇన్‌హేలర్‌పై అపోహ వద్దు

'పీల్చే మందు అలవాటైపోతుంది, మాత్రే నయం' అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. వాస్తవం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్‌ను మైక్రోగ్రాములలో కొలుస్తారు. మాత్రలోని మందును మిల్లీగ్రాములలో, అంటే వెయ్యి రెట్ల కొలతలో లెక్కిస్తారు. పీల్చిన మందు నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది. రక్తంలో కలిసేది స్వల్పం. సాధారణ మోతాదులో ఎముకలకు ముప్పు తక్కువ. ఎక్కువ మోతాదును ఏళ్ల తరబడి వాడేవారికి మాత్రం పరీక్షలు అవసరం. స్పేసర్‌ గొట్టంతో పీల్చడం, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మివేయడం మంచిది. ఇన్‌హేలర్‌ను క్రమం తప్పక వాడితే మాత్రల అవసరమే తగ్గుతుంది.

ఏం చేయాలి?

డెక్సా పరీక్షతో ఎముక సాంద్రత తెలుస్తుంది. టి-స్కోరు మైనస్‌ 2.5 గానీ, అంతకంటే తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్లు పరిగణిస్తారు. స్టెరాయిడ్‌ వాడేవారిలో అంతకంటే మెరుగైన స్కోరు ఉన్నా ఎముకలు విరగవచ్చు. ఎత్తు తగ్గడం, నడుం వంగడం, అకస్మాత్తుగా వెన్నునొప్పి రావడం వంటివి కనిపిస్తే వెంటనే వైద్యుని కలవాలి.

పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సిఫారసు చేసింది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం లభిస్తుంది. పాలు, పెరుగు, ముళ్లతో తినే చిన్న చేపలు కూడా మేలు చేస్తాయి. విటమిన్‌-డి కోసం ఎండ తగలాలి. లోపం ఉంటే వైద్యుని సలహాపై మందు వాడాలి. రోజూ నడక తప్పనిసరి.

ముప్పు అధికంగా ఉన్నవారికి అలెండ్రోనేట్‌ వంటి మందులు ఇస్తారు. ఈ మాత్రను పరగడుపున గ్లాసెడు నీటితో మింగి, అరగంట పాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి.

సొంతంగా ఆపితే ప్రమాదం

ఇదంతా తెలిసి భయంతో స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేయడం ప్రాణాంతకం కావచ్చు. మందుకు అలవాటుపడిన శరీరం తన సొంత హార్మోను తయారీని తగ్గించుకుంటుంది. అందుకే వైద్యుని పర్యవేక్షణలో మోతాదును క్రమంగా తగ్గించాలి. మాత్రలు ఆపాక ఎముకలు విరిగే ముప్పు కూడా క్రమేణా తగ్గుతుంది.

పేరు, తయారీ వివరాలు లేని పొడులు, మాత్రలతో ఆయాసం ఇట్టే తగ్గితే అనుమానించాలి. అలాంటి వాటిలో స్టెరాయిడ్‌ కలిపి అమ్మిన ఉదంతాలు ఉన్నాయి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి, బరువు పెరగడం, చర్మం కమిలిపోవడం అందుకు సంకేతాలు. అటువంటివారు కూడా వాటిని తమంత తాము ఆపకుండా, ఆ పొట్లాన్ని వెంట తీసుకెళ్లి వైద్యునికి చూపించాలి.