ఖాళీ చూసి కుర్రాణ్ణి పట్టాలి

2022 డిసెంబర్ 23న కొచ్చిలో జరిగిన ఐపీఎల్ వేలంలో ఇద్దరు ఆంధ్ర కుర్రాళ్లు ఒకే ధరకు, 20 లక్షలకు, అమ్ముడుపోయారు. గుంటూరు షేక్ రషీద్‌ను చెన్నై కొన్నది. విశాఖ నితీశ్ కుమార్ రెడ్డిని హైదరాబాద్ కొన్నది. వీళ్లలో ఎవరు ముందుకొస్తారని ఆ రోజు అడిగితే చాలామంది రషీద్ పేరే చెప్పేవాళ్లు. ఆ ఏడాది అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు అతను వైస్ కెప్టెన్, సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94 కొట్టినవాడు. నితీశ్ కూడా 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు గానీ, పదహారేళ్ల లోపు పిల్లల టోర్నీ ఎవరికి గుర్తుంటుంది?

2024 ఐపీఎల్‌లో నితీశ్ 13 మ్యాచ్‌ల్లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు పట్టుకుపోయాడు. రషీద్‌కు మొదటి ఐపీఎల్ మ్యాచ్ 2025 ఏప్రిల్‌లో గానీ దొరకలేదు, అదీ కెప్టెన్ రుతురాజ్ గాయంతో తప్పుకున్నాక. హైదరాబాద్‌కు మధ్యలో దిగి కొట్టి, నాలుగు ఓవర్లు పేస్ కూడా వేయగల భారతీయుడు అప్పట్లో కావలసి వచ్చాడు. చెన్నైలో మాత్రం ఓపెనర్ల స్థానాలు అప్పటికే నిండిపోయి ఉన్నాయి. ఫ్యాంటసీ లీగ్‌లో కుర్రాళ్లను ఎంచుకునేవాళ్లు ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం: నార్కట్‌పల్లిలో అద్దంకి రోడ్డు చీలేచోట చాయ్ దగ్గర కూచునే ఎనిమిది మంది దోస్తులు ఒక నోటుపుస్తకం తెచ్చారనుకుందాం. నిజమైన ఆటగాళ్లను వంతులవారీగా పంచుకుంటారు. ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరికి దక్కదు. మొదటి రౌండు ఒకటి నుంచి ఎనిమిదికి పోతే, రెండోది ఎనిమిది నుంచి ఒకటికి వెనక్కి వస్తుంది, ఆఖరివాడికి అన్యాయం జరగకుండా. మైదానంలో వాళ్లు చేసే పరుగులకు, గోల్స్‌కు ఇక్కడ పాయింట్లు పడతాయి. డబ్బు పెట్టొద్దు. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి పైసల ఆన్‌లైన్ ఆటలను ఆపింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. ఓడినవాడు అందరికీ చాయ్ పోయించడం దగ్గర ఆగితే మేలు.

ఒక్క సీజన్‌తో ముగిసే లీగ్‌లో కుర్రాళ్ల జోలికి పోనక్కర్లేదు. కొందరిని వచ్చే ఏటికీ అట్టిపెట్టుకోవచ్చు అనే నియమం ఉంటేనే వాళ్ల విలువ. అప్పుడది మన నల్లగొండ బత్తాయి మొక్క వ్యవహారం. కాపుకు నాలుగైదేళ్లు, అప్పటిదాకా ఆ నేలలో ఇంకో చెట్టు పెట్టలేవు. జాబితాలో ఒక కుర్రాడు కూచున్నాడంటే ఈ ఏడు పాయింట్లు తెచ్చే ఒక పెద్దవాణ్ణి వదులుకున్నట్టే. ఈ ఖర్చు కొత్తవాళ్ల లెక్కలో ఉండదు, నలుగురైదుగురు పిల్లల్ని పోగేసి మూడేళ్లు అడుగునే ఉంటారు.

కుర్రాళ్లను ముందే ఎంచి అట్టిపెట్టుకునే ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది ఉత్తర అమెరికా ఐస్ హాకీలో. అక్కడ ఎన్‌హెచ్‌ఎల్‌లోని 32 జట్లు ఏటా డ్రాఫ్ట్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లల్ని ఏడు రౌండ్లలో పంచుకుంటాయి. వాళ్ల అంచనాలూ తప్పుతాయి. 2012లో అందరికంటే ముందు ఎంపికైన నైల్ యాకుపొవ్ ఆ లీగ్‌లో నిలదొక్కుకోలేదు. 2011లో 58వ పేరుగా పోయిన నికీటా కూచెరొవ్ 2023-24 సీజన్‌లో 144 పాయింట్లు సాధించాడు. ఆ ఆట చూసేవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఫార్వర్డ్ తొందరగా పండుతాడు, డిఫెండర్‌కు ఇంకొన్నేళ్లు పడుతుంది, గోల్‌కీపర్‌కు అందరికంటే ఆలస్యం.

మన మైదాన హాకీలోనూ గోల్‌కీపర్‌కు ఎదురుచూపు తప్పదు. చిత్తూరు జిల్లా రజని ఎతిమరపు భారత జట్టుకు ఏళ్ల తరబడి ఆడినా, మొదటి గోల్‌కీపర్‌గా సవిత ఉన్నంతకాలం ఎక్కువగా రెండో గోల్‌కీపరే. ఆమెలో లోపమేమీ లేదు, ఆ స్థానం ఒక్కటే ఉంటుంది.

హాకీ ఇండియా లీగ్ మీద ఫ్యాంటసీ లీగ్ పెట్టుకునేవాళ్లకు ఒక సౌకర్యం దొరికింది. 2024 అక్టోబర్ వేలంలో పురుషుల జట్టుకు 24 మందిని కొనాలి, అందులో కనీసం 16 మంది భారతీయులు, నలుగురు జూనియర్లు తప్పనిసరి అని నియమం పెట్టారు. అంటే కుర్రాళ్ల జాబితా మన చేతికే వచ్చింది, వెతుక్కునే పని లేకపోయింది. కానీ నియమం జట్టులో చోటిస్తుంది, మైదానంలో నిమిషాలు ఇవ్వదు. 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్‌తో ఫైనల్ దాకా వెళ్లి 4-3తో ఓడిన హైదరాబాద్ తూఫాన్స్‌కు పెనాల్టీ కార్నర్లు కొట్టడానికి అర్జెంటీనాలో పుట్టిన జర్మనీ ఆటగాడు గొంజాలో పెయాట్ ఆ సీజన్‌లో ఉన్నాడు. ఆ జట్టులో పెనాల్టీ కార్నర్లు కొట్టే డ్రాగ్‌ఫ్లిక్ షాట్ నేర్చిన జూనియర్ ఎంత మంచివాడైనా, పెయాట్ ఉన్నన్నాళ్లు ఆ పాయింట్లు అతనికి రావడం కష్టం. ఫీల్డ్ గోల్స్ కోసం పరుగెత్తే ఫార్వర్డ్ అయితే వేరు, నాలుగు క్వార్టర్లలో మార్చి మార్చి దింపుతారు కాబట్టి అవకాశం తగులుతుంది.

నా మట్టుకు, ఎనిమిది మంది లీగ్‌లో ఇద్దరు కుర్రాళ్లకు మించి పెట్టను. ఇద్దరూ ఫార్వర్డ్‌లే, వాళ్ల స్థానంలో ఇప్పుడు ఆడుతున్నవాడు ముప్పై దాటినవాడై ఉండాలి. రెండు సీజన్లు చూసినా మైదానంలోకి దిగకపోతే పేరెంత పెద్దదైనా వదిలేస్తాను. కుర్ర గోల్‌కీపర్‌ను మాత్రం పక్కవాడికే పోనిస్తాను.