గుడారంలో దాచిన వస్త్రం

యెరికో గోడలు కూలాయి. ఇశ్రాయేలీయుల ఆనందానికి అవధుల్లేవు. అయితే ఆ వెంటనే హాయి అనే చిన్న పట్టణం ముందు వాళ్లు ఓడి పారిపోయారు. ముప్పై ఆరుగురు చనిపోయారు. శత్రువు బలవంతుడై కాదు, పాళెంలోనే పాపం ఉండటం వల్ల! ఆకాను అనేవాడు ఒక మంచి షీనారు పైవస్త్రాన్ని, వెండిని, బంగారు కమ్మిని దొంగిలించి తన గుడారంలో పాతిపెట్టాడు. దాచింది ఒక్కడు, నష్టపోయింది జనమంతా (యెహోషువ 7).

దక్షిణాఫ్రికా క్రికెట్ కెప్టెన్ హాన్సీ క్రోన్యే కథ దీనికి ఎంతో దగ్గర. ఆయన విశ్వాసిగా పేరున్నవాడు. ‘యేసైతే ఏం చేసేవాడు?’ అని గుర్తుచేసే పట్టీ చేతికి ధరించేవాడు. 2000 జనవరిలో ఇంగ్లండ్‌తో సెంచూరియన్ టెస్టులో వానవల్ల మూడు రోజుల ఆట పోయింది. ఫలితం తేలేలా చూడమని పందేలవాడొకడు అడిగాడు. ఇరుజట్లూ చెరో ఇన్నింగ్స్ వదులుకున్నాయి, ఇంగ్లండ్ గెలిచింది. తెరవెనుక బేరం ఇంగ్లండ్ ఆటగాళ్లకు తెలియదు. క్రోన్యేకు ముట్టింది కొంత డబ్బు, ఒక తోలు జాకెట్! ఆకానుకు పైవస్త్రం, ఈయనకు జాకెట్.

ఆ ఏడాది ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు ఆయన ఫోన్ సంభాషణలను బయటపెట్టారు. మొదట కాదన్నాడు, నాలుగు రోజులకే ఒప్పుకోక తప్పలేదు. జీవితకాల నిషేధం పడింది. 2002 జూన్ 1న, 32 ఏళ్లకే విమాన ప్రమాదంలో మరణించాడు. ఆయన ఆశచూపితే నాగపూర్ వన్డేలో ఇరవై పరుగుల్లోపే అవుటవుతానని తలూపిన హెర్షెల్ గిబ్స్, తీరా మైదానంలోకి దిగి 74 పరుగులు చేశాడు. అయినా ఆరు నెలల నిషేధం తప్పలేదు. చెయ్యి చేయకముందే మనసు తలూపిందంటే పాపం మొదలైనట్టే కదా!

ఆ తుపాను మన హైదరాబాదునూ తాకింది. 99 టెస్టులాడిన అజారుద్దీన్‌పై 2000 డిసెంబరులో క్రికెట్ బోర్డు జీవితకాల నిషేధం విధించింది. ఆయన ఆరోపణలను ఖండించారు. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. కనుక ఆయనకు తీర్పు తీర్చే పని మనది కాదు. మనల్ని మనం పరీక్షించుకోవడమే మన పని.

ఆటగాడికిచ్చే లంచం ఎక్కడిది? పందేలవాడు సొంత సొమ్మేమీ పంచిపెట్టడు. పందెం కాసి ఓడిన వేలాదిమంది జేబుల్లోంచే అది వస్తుంది. కొనేవాళ్లుంటేనే అంగడి నడుస్తుంది. పందెమే లేకపోతే ఓటమిని కొనే అవసరం ఎవరికుంటుంది? సిరిసిల్లలో మరమగ్గం మీద రాత్రంతా నిలబడి సంపాదించిన కూలి, కోరుట్లలో తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన రూపాయలు, జగిత్యాలలోని ఇంటికి గల్ఫ్ నుంచి తండ్రి పంపిన డబ్బు, ఒక్క ఓవరులో ఫోన్ తెరమీదే ఆవిరైపోతే ఆ ఇంట మిగిలేది అప్పు, అబద్ధం. ‘వందే కదా’ అనుకునే యువకుడు ఆ జాకెట్‌కు తానూ ఒక దారప్పోగు ఇచ్చినట్టే.

ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ చట్టం గుడారం బయటిదాకే వస్తుంది. లోపల పాతిపెట్టినదాన్ని తవ్వి తీయాల్సింది మనమే.

ఆకాను పట్టుబడ్డాకే ఒప్పుకున్నాడు, క్రోన్యే కూడా అంతే. జక్కయ్య మాత్రం ఎవరూ పట్టుకోకముందే లేచి, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అప్పుల్లో చిక్కుకున్న బిడ్డ ఇంట్లో నిజం చెప్పగలగాలి. తల్లిదండ్రులు, సంఘ పెద్దలు వాణ్ని పదిమందిలో నిలదీయకుండా చేయిపట్టి నడిపించాలి. ఆకానుకు శిక్షపడిన చోటు ఆకోరు లోయ. ఆ లోయనే నిరీక్షణకు ద్వారంగా మారుస్తానని హోషేయ ప్రవక్త ద్వారా దేవుడు మాటిచ్చాడు. దాచినదాన్ని ఈరోజే వెలుగులోకి తెస్తే, ఆ ద్వారం మన ఇంటికీ తెరుచుకుంటుంది.