చేతిపెట్టెలో దాపట, వలపట



2021–22 సంవత్సరమున నల్లతామరపురుగు గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపతోటలపై బడి రైతును కంటతడి పెట్టించిన సంగతి మీరెరుగుదురు. మందును వేళకు కొట్టుట యెంత ముఖ్యమో, దానిని వీపున మోసి కొట్టువాని యొడలికది యెంత చేటో కూడ మీరెరుగుదురు. కావున డ్రోనుతో మందు చల్లింపవలెనను కోరిక పల్లెలలో పెరుగుట సహజమే. డ్రోను కొనదలచినవారు దాని ధరయెంత, తొట్టిలో నెన్ని లీటరులు పట్టును, బ్యాటరీ యెంతసేపు నిలుచును అని యడుగుదురు. ఇవి యడుగవలసిన ప్రశ్నలే. కాని దానిని నడపు చేతిపెట్టెను గూర్చి యడుగువారు మిక్కిలి యరుదు. అందుచేత నేడు ఆ పెట్టెను గూర్చియు, అందున్న రెండు మీటల వరుసను గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిని. పిల్లలకు విమానపు నమూనాలు కొనిపెట్టు తలిదండ్రులకును ఈ మాటలు పనికివచ్చును.

ఈ పెట్టెకు ట్రాన్స్‌మిటరని పేరు. వాడుకలో రిమోటందురు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన నాటినుండి మన ప్రాంతమువారికి రేడియో తరంగములు చుట్టములే. ఈ పెట్టెనుండి వెలువడునవియు నా జాతివే. రేడియో కేంద్రము మాటను మోయించును. ఈ పెట్టె ఆజ్ఞను మోయించును. నేటి పెట్టెలు సామాన్యముగా 2.4 గిగాహెర్ట్జుల తరంగములను, అనగా సెకనుకు సుమారు 240 కోట్ల మారులు కంపించు తరంగములను వాడును.

గాలిలోనున్న యంత్రమునకు ముఖ్యముగా నాలుగు ఆజ్ఞలు కావలెను. పైకి లేచుట, క్రిందికి దిగుట యొకటి. ముందునకు వెనుకకు పోవుట రెండవది. కుడికిని ఎడమకును ప్రక్కగా జరుగుట మూడవది. ఉన్నచోటనే ముఖము త్రిప్పుట నాల్గవది. రెక్కలుగల విమానమందు ఇవియే ఇంజను వేగము, తోకపై ఎలివేటరు, రెక్కలపై ఐలరానులు, నిలువు చుక్కాని అను రూపములలో నుండును. పెట్టెపై రెండు మీటలుండును. ఒక్కొక్క మీట నిలువుగాను అడ్డముగాను కదలును. ఆ విధముగా రెండు మీటలు నాలుగు పనులు చేయును.

ఏ పనిని ఏ చేతికప్పగింపవలెనను విషయమున మాత్రము లోకమున ఏకాభిప్రాయము లేదు. నాలుగు వరుసలు వాడుకలో నున్నవి, వానిని మోడులందురు. రెండవ మోడులో ఎడమ మీట నిలువుగా కదలిన ఎక్కుట దిగుట, అడ్డముగా కదలిన ముఖము త్రిప్పుట. కుడి మీట ముందు వెనుకలకును ప్రక్కలకును. నేటి డ్రోనులు చాలవరకు ఈ వరుసతోనే వచ్చును. మొదటి మోడులో ఎక్కుట దిగుటయు, ప్రక్కలకు జరుగుటయు కుడి మీటపని. ముందు వెనుకలును, ముఖము త్రిప్పుటయు ఎడమ మీటపని. జపాను దేశమున విమాన నమూనాలు నడపువారిలో నిది ప్రబలముగా నున్నది. మూడవ మోడు రెండవదానికి అద్దములోని ప్రతిబింబము. నాల్గవది మొదటిదానికి ప్రతిబింబము. ఈ రెండును అరుదుగా కనబడును.

ఇందులో నేది మేలని అడుగుదురేమో. మొదటి మోడువారు, ముందు వెనుకల పనియు ప్రక్కల పనియు వేరువేరు చేతులలో నుండుటవలన నొకటి కదలింపబోయి రెండవది కదలదందురు. రెండవ మోడువారు, నిజమైన విమానమున చోదకుడు ఒక్క దండముతోనే ముక్కును రెక్కలను నడపును గనుక తమదే స్వాభావికమందురు. రెండు వాదములలోను బలమున్నది. ఏ మోడులోనైనను సమర్థులున్నారు. నా మాట యేమనగా, మంచి మోడు చెడ్డ మోడు అని లేదు. చేతికి అలవాటైన మోడు, అలవాటు కాని మోడు అని మాత్రమే యున్నది.

దీనిని మీకు నేను వేరుగా బోధింపనక్కరలేదు. దాపట కట్టి దున్నుటకు అలవాటు చేసిన యెద్దును ఒకనాడు వలపట కట్టి చూడుడు. ఎద్దు అదియే, కాడి అదియే, చేను అదియే. ఐనను చాలు వంకర పోవును. ఎద్దునకు బుద్ధి తక్కువ గాదు, బలము తగ్గలేదు. అలవాటైన వైపు మారినది. మనుష్యుని వ్రేళ్లును అట్టివే. కొన్ని వారములు అభ్యసించిన పిమ్మట మనస్సు ఆజ్ఞ ఇయ్యకముందే వ్రేలు కదలును. తీరికగా నున్నప్పుడు మనస్సు వ్రేలిని దిద్దుకొనగలదు. ఆపద వచ్చినప్పుడు ఆ వ్యవధి యుండదు.

ఆపద యెట్లు వచ్చునో చూడుడు. రెండవ మోడులో నేర్చినవాని చేతికి మొదటి మోడు పెట్టె వచ్చినదనుకొనుడు. చేనిగట్టున కరెంటు తీగ యున్నది. డ్రోను తీగవైపు పోవుచున్నది. పైకి లేపవలెనని అతడు ఎడమ మీటను ముందునకు నెట్టును. ఆ పెట్టెలో ఎడమ మీట ముందునకు నెట్టిన డ్రోను పైకి లేవదు. ముందునకే, తీగమీదికే పోవును. బెదరి మరింత గట్టిగా నెట్టును. డ్రోను మరింత వేగముగా పోవును. తొట్టిలో నున్నవి మంచినీళ్లు కావు, పురుగుమందు. క్రింద కాయ కోయు కూలీలుండవచ్చును.

మరియొక చిక్కు గలదు. డ్రోను మనవైపు ముఖము త్రిప్పి వచ్చునప్పుడు దాని కుడి మనకెడమ యగును. ఎదురుగా వచ్చు బండివాని కుడిచేయి మనకెడమవైపున కనబడుట వంటిదే యిది. దీనికి ఏ మోడును మందు కాదు, అభ్యాసమే మందు. ఆ యభ్యాసము సాగవలెనన్న మీటల వరుస మొదటినుండి స్థిరముగా నుండవలెను.

ఇన్ని వరుసలేల పుట్టినవి? 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున రేడియోతో నడచు చిన్న పడవను జనులకు చూపెను. 1930ల చివర అమెరికాలో వాల్టరు గుడ్, విలియం గుడ్ అను కవలలు రేడియోతో నడచు విమాన నమూనాను ఎగురవేసిరి. దానికి ‘గఫ్’ అని పేరు. అది స్మిత్‌సోనియను విమాన ప్రదర్శనశాలకు చేరినది. తరువాతి కాలమున పెక్కుమంది వాడిన చౌక పెట్టెలలో మీటలే లేవు, ఒక్క బొత్తాము మాత్రముండెడిది. ఒకమారు నొక్కిన చుక్కాని ఒక వైపునకు, వదలి మరల నొక్కిన రెండవ వైపునకు తిరిగెడిది. విమానములో మెలిపెట్టిన రబ్బరు పట్టీయే దానిని త్రిప్పెడిది. పిమ్మట మీటలు వచ్చినవి. ఏ దేశమున తొలుత నేర్చినవారు ఏ వరుస పట్టిరో వారి శిష్యులును అదియే పట్టిరి.

రెండు మీటలే యుండవలెనను నియమము గూడ లేదు. ఒంటిమీట పెట్టెలు కొంతకాలము అమెరికాలో ఆదరము పొందినవి. అందు కుడిచేతి మీట ముందు వెనుకలకును ప్రక్కలకును కదలును. దాని కొనయందలి గుండిని మెలిత్రిప్పిన చుక్కాని తిరుగును. వేగమును ఎడమచేయి చూచుకొనును. జర్మనీ మొదలగు దేశములలో మెడకు పట్టీతో వ్రేలాడదీసి, పళ్లెమువలె నడుముకెదుట నిలుపుకొను వెడల్పు పెట్టెలును గలవు. వానిపై అరచేతులానించి మీటను రెండు వ్రేళ్లతో పట్టుదురు.

ఇట్టి వింత వరుసలు వేడుకకు మాత్రమే అనుకొనరాదు. చొప్ప కోయు యంత్రములో వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు, పుట్టుకతోనే ఒక చేయి బలహీనమైనవారు మన పల్లెలలో లేకపోలేదు. అట్టి బాలుడు విమానపు నమూనా నెగురవేయ గోరినచో వలదనకుడు. రెక్కలు పైకి వంపుగా నున్న శిక్షణ విమానమునకు ఐలరానులక్కరలేదు, చుక్కానితోనే మలుపు తిరుగును. కావున ఒక్క మీటతో చుక్కానిని, ఎలివేటరును నడపి, ప్రక్కనున్న జారుడు మీటతో వేగమును సరిచేసికొనవచ్చును. 2021లో మొదలైన ఎడ్జ్‌టీఎక్స్ వంటి, అందరికి తెరచియుంచిన ప్రోగ్రాముతో నడచు పెట్టెలలో ఏ మీటకు, ఏ గుండికి ఏ పనినైనను అప్పగింపవచ్చును. అట్టి పిల్లవానికి పెట్టెను వెదకునప్పుడు చూడవలసినది ఈ గుణమే. ఎడమచేతివాటము మాత్రము వేరు వరుసకు కారణము కాదు. రెండు చేతులును సన్నని పనియే చేయును గనుక ఎడమచేతివాడును రెండవ మోడును సుఖముగా నేర్వగలడు.

మొదటిసారి కొనువారు తమకు నేర్పబోవు గురువు ఏ మోడు వాడునో తెలిసికొని అదియే కొనవలెను. పెట్టెను కొనకముందు నేర్చువాని చేతికిచ్చి చూడవలెను. బొటనవ్రేలు మీట కొనకందనిచో ఎంత మంచి పెట్టెయైనను ప్రయోజనము లేదు. విమానమునకు వాడు పెట్టెలో వేగపు మీట వదలినచోటనే నిలుచును. డ్రోను పెట్టెలో స్ప్రింగుచేత నడిమికి వచ్చును. మొదటి జాతి పెట్టెలో ఎడమ కుడి మార్పవలెనన్న లోపలి స్ప్రింగును గూడ విప్పి మార్పవలెను. రెండవ జాతిలో తెరపై రెండు నొక్కులతోనే మోడు మారిపోవును. సులభమైన ఈ మార్పే అపాయకరము. ఎవరో ఆడుకొని మార్చినను పైకి తెలియదు.

మందు చల్లు డ్రోను విషయమున మరికొంత జాగ్రత్త వలయును. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోను నియమముల ప్రకారము 2 కిలోలకు మించి 25 కిలోల వరకు తూగునవి చిన్న తరగతి. దానిని నడపువారికి 18 ఏండ్లు నిండి, పదవ తరగతి ఉత్తీర్ణులై, అనుమతి పొందిన సంస్థలో శిక్షణపత్రము పొందియుండవలెను. గుంటూరు చెంతనున్న లాములో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము ఇట్టి శిక్షణకు అనుమతి పొందినది. ఆటకును చదువునకును వాడు నమూనాలకువలె గాక, ఈ డ్రోనునకు ప్రభుత్వపు ధ్రువపత్రము కావలెను. కావున దానితో వచ్చిన పెట్టెను తీసివేసి మనకు నచ్చినది తగిలింపరాదు. కొనకముందే అడుగవలెను.

2023లో కేంద్ర ప్రభుత్వము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు డ్రోనులిచ్చు పథకమును తెచ్చినది. డబ్బు కూర్చువారు పెద్దలైనను పెట్టె పట్టునది ఒక కోడలో కూతురో కావచ్చును. బేరమాడునప్పుడు ఆమెను వెంట గొనిపొండు. మోడు ఏది, దానిని ఎవరును మార్పకుండ బిగింపవచ్చునా, మీట వదలినచో డ్రోను నిలుచునా, తరంగము తెగినచో బయలుదేరినచోటికి తానే వచ్చునా, వచ్చునప్పుడు తాడిచెట్లకంటె ఎత్తున వచ్చునా, మిట్టమధ్యాహ్నపుటెండలో తెర కనబడునా అని ఆమెచేతనే అడిగింపుడు.

ఇంటికి తెచ్చిన పిమ్మట పెట్టెపై మోడు సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసి అంటింపుడు. ప్రతిదినము తొట్టిలో మందు పోయకముందే, మనుష్యులు దూరముగా నుండగా, డ్రోనును కొద్ది యెత్తు లేపి ఒక్కొక్క మీటను మెల్లగా కదల్చి, అనుకొన్నట్లే పోవుచున్నదా అని చూడవలెను. దానికి నిమిషము చాలును. బాడుగకు పెట్టె మారినను, క్రొత్త మనిషి వచ్చినను ఈ పరీక్ష మానరాదు.

ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, సుడులు చూచి, గిట్టలు చూచి, తుదకు ‘ఏ వైపు అలవాటు?’ అని అడుగుట మీ పెద్దలు మీకు నేర్పిన విద్య. డ్రోను బేరములో ఆ ప్రశ్నను తుదకు గాక మొదట అడుగుడు.

సెలవు.