పిల్లలను ఒంటరిగా ఎప్పుడు వదలాలి? ఏ బడికి పంపాలి?



జూన్ నెలలో బడులు తెరుస్తారు. ఆ వెనుకనే ప్రకాశం బ్యారేజి నుండి డెల్టా కాలువలకు నీరు వదులుతారు, నాట్లు మొదలవుతాయి. కంకిపాడు చుట్టుపట్ల కూలికి వెళ్లే తల్లులు తెల్లవారుతూనే ఇల్లు వదిలే రోజులివి. ఈ దినాలలో మేము గృహదర్శనానికి వెళ్లినపుడు రెండు ప్రశ్నలు తరచుగా వింటాము. "అయ్యగారూ, మావాడికి తొమ్మిదేళ్లు. బడి నుండి వచ్చాక చీకటిపడేదాకా ఒక్కడే ఉంటే ఫర్వాలేదా?" అని ఒకరు అడుగుతారు. "మా ఊరి బడిలోనే ఉంచాలా, బస్సు వచ్చే కాన్వెంటుకు పంపాలా, హాస్టల్లో వేయాలా?" అని మరొకరు అడుగుతారు.

మొదటి ప్రశ్నకు జవాబు తోచక, రెండవదానిలో తొందరపడే కుటుంబాలు అనేకం. ఇంట్లో చూచేవారు లేరని బిడ్డను హాస్టల్లో వేయడం అటువంటిదే. అది కాపలా వెదకుకొనడమే గాని, బడిని ఎన్నుకొనడం కాదు. కాబట్టి ఈ రెండు సంగతులను విడదీసి ఆలోచిద్దాము.

వయస్సు ఒక్కటే చాలదు

బిడ్డను ఇన్నేళ్లకు ఇంట్లో ఒంటరిగా వదలవచ్చునని చెప్పే చట్టము మన దేశములో లేదు. తన సంరక్షణలోనున్న బిడ్డను బుద్ధిపూర్వకముగా నిర్లక్ష్యము చేసి బాధకు గురిచేయుట నేరమని మాత్రము 2015 నాటి బాలల న్యాయ చట్టము చెబుతుంది. అనగా బిడ్డను ఎరిగి నిర్ణయించే భారము తల్లిదండ్రులదే. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరిలో ఒకరు తొమ్మిదేళ్లకే నిదానముగా ఉంటారు, మరొకరికి పన్నెండేళ్లు వచ్చినా నిలకడ ఉండదు. పక్కింటివారి బిడ్డను చూచి మన బిడ్డ సంగతి తేల్చరాదు. ఈ నాలుగు విషయాలు గమనించండి.

1. మీరు చూడనప్పుడు కూడా చెప్పిన మాట నిలుపుకొంటున్నాడా?
2. భయం వేస్తే ఏ ఇంటికి పరుగెత్తాలో తెలుసా? మీ ఫోను నంబరు కంఠతా వచ్చునా?
3. గ్యాస్ పొయ్యి, కరెంటు తీగ, పురుగుమందు డబ్బా ముట్టరాదని ఎరుగునా? (ఎరిగినా డబ్బాను అందనిచోట తాళం వేసి ఉంచండి.)
4. తోటిపిల్లలు కాలువకు రమ్మంటే "నేను రాను" అనగలడా?

ఈ నాలుగింటికీ అవునని చెప్పగలిగినా ఒక్కసారిగా పూటంతా వదలకండి. మొదట మీరు పక్క వీధికి వెళ్లి అరగంటలో రండి. ఇల్లు ఎలా ఉన్నదో, బిడ్డ ఏమి చేశాడో కోపపడకుండా అడగండి. తరువాత గంట, ఆ తరువాత ఒక సాయంకాలము. ఇచ్చిన స్వేచ్ఛను నిలుపుకొన్న కొలది మరికొంత ఇవ్వవచ్చు.

కాలువ, రోడ్డు

మన ప్రాంతములో నాలుగవ ప్రశ్నే అన్నిటికంటె బరువైనది. ఎండాకాలములో నీరు కట్టేసిన కాలువలో బిడ్డలు దిగి ఆడుకొంటారు. ఆ చోటు తమకు తెలిసినదే అనుకొంటారు. జులైలో అదే చోట నిండుగా నీరు పారుతుంది. పైకి నెమ్మదిగా కనబడినా అడుగున లాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమంతట సుమారు 3 లక్షలమంది నీటమునిగి చనిపోయారు. వారిలో ఇంచుమించు నాలుగోవంతు ఐదేళ్లలోపు పసివారు. ఐక్యరాజ్యసమితి 2021లో జులై 25ను నీటిమునకల నివారణ దినముగా నిర్ణయించింది. మన కాలువలు నిండే కాలము కూడా అదే. పెద్దవారు వెంట లేనిదే బిడ్డ రేవులో దిగరాదు. ఈత వచ్చినవానికీ ఇదే నియమము.

రోడ్డు సంగతీ అంతే. వచ్చే బండి వేగమును పసిబిడ్డ సరిగా అంచనా కట్టలేడు. తొమ్మిది, పదేళ్లవరకు బందరు రోడ్డు దాటేటప్పుడు ఒక పెద్ద చేయి తప్పక ఉండాలి. ఇక పదవ తరగతి పిల్లవానికి మోటారు సైకిలు ఇచ్చి ట్యూషనుకు పంపే తండ్రులు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టమును గుర్తుంచుకోవాలి. మైనరు బిడ్డ బండి నడిపి నేరము చేస్తే తండ్రికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్లవరకు జైలు పడవచ్చు. ప్రాణము పోతే ఏ జరిమానా దానిని తిరిగి తేలేదు.

నాట్ల దినాలలో సాయంకాలము

"మరి కూలికి పోకుండా ఎలా కుదురుతుంది?" అని అమ్మలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాలా ఇండ్లలో దీనికి జవాబు పెద్ద కూతురు. పదేళ్ల ఆడపిల్ల తమ్ముడిని చంకనెత్తుకొని, అన్నం వండి, నాట్ల నెలంతా బడి మానుతుంది. తరువాత ఆ పాఠాలు అందక చదువే మానేస్తుంది. తమ్ముని కాపలాకు అక్క చదువును ఖర్చుపెట్టరాదు.

ఇందుకు సంఘము చేయగలిగినది ఉన్నది. సాయంకాలము 4 నుండి 6:30 వరకు మన మందిరాలు చాలావరకు ఖాళీగా ఉంటాయి. పొలం పనికి వెళ్లలేని మామ్మలు, చదువుకొన్న యౌవనస్థులు వంతులు వేసుకొంటే పిల్లలు అక్కడ కూర్చుని చదువుకొనగలరు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, తలుపులు తెరిచి ఉండాలి. బిడ్డలకు కీడు చేసేవారు చాలావరకు తెలిసినవారే గనుక ఈ జాగ్రత్త అవసరము. ఆపదలో ఉన్న బిడ్డకొరకు 1098 నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చునని కూడా పిల్లలకు నేర్పండి.

యేసు ప్రభువు పన్నెండేళ్ల వయస్సులో యెరూషలేములో ఉండిపోయినపుడు మరియ యోసేపులు ఒక దినప్రయాణము సాగిపోయారు. బంధువులతో ఉన్నాడని తలంచారు. భక్తిగల తల్లిదండ్రులే అలా తలంచారంటే, "ఎవరో ఒకరు చూస్తూ ఉంటారులే" అనుకొనడం మనకెంత సులభమో ఆలోచించండి. ఎవరు చూస్తున్నారో పేరుపెట్టి చెప్పగలగాలి.

ఏ బడి?

2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము ప్రకారము 6 నుండి 14 ఏళ్ల బిడ్డకు ఉచిత విద్య హక్కు. ప్రాథమిక బడి ఒక కిలోమీటరులో, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్లలో ఉండాలని నియమము. ప్రైవేటు బడిలో 1వ తరగతి సీట్లలో 25 శాతము పేద, బలహీనవర్గాల పిల్లలకు ఉచితముగా ఇవ్వాలి. మన రాష్ట్రములో ఇది 2022-23 నుండి అమలులోకి వచ్చింది. మైనారిటీ సంస్థల బడులకు ఈ నియమము వర్తించదు గనుక మిషను బడులలో ముందే విచారించండి.

బడి భవనమును, టై బెల్టులను చూచి నిర్ణయించకండి. తరగతిలో మీ బిడ్డ పేరు ఎరిగిన టీచరు ఉన్నదా? చదివిన పాఠమును బిడ్డ ఇంటికి వచ్చి తెలుగులో మీకు చెప్పగలుగుతున్నాడా? రోజుకు ఎన్ని గంటలు బస్సులో గడుస్తున్నాయి? ఫీజు కట్టేందుకు అప్పు చేయవలసి వస్తున్నదా? ఇంగ్లీషు అవసరమే. అయితే అర్థము కాకుండా అప్పజెప్పే ఇంగ్లీషు చదువు కాదు. 2020 జాతీయ విద్యా విధానము కూడా వీలైనచోట కనీసము ఐదవ తరగతి వరకు మాతృభాషలో బోధించాలని చెప్పింది. నిదానస్తుడైన బిడ్డకు నడిచివెళ్లే చిన్న బడి మేలు కావచ్చు. చురుకైనవానికి పోటీ ఉన్న బడి నప్పవచ్చు.

హాస్టలు సంగతి

మన పెద్దలలో అనేకులు మిషను బోర్డింగులలో చదివినవారే. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నములో ఇంగ్లీషు బడి తెరచిన కాలములో, ఆ తరువాత చాలాకాలము, పల్లెలలోని పేద బిడ్డలకు దగ్గరలో బడే లేదు. బోర్డింగు వారికి తెరుచుకొన్న తలుపు. నేడు చాలా ఊళ్లలో ఆ కారణము లేదు. వేలేరులోని నవోదయ విద్యాలయము వంటిచోట ఆరవ తరగతిలో సీటు వస్తే, బిడ్డ కూడా ఇష్టపడితే, అది మంచి అవకాశమే. అయినా హాస్టల్లో వేసినంత మాత్రాన మన బాధ్యత తీరదు. కాలేజీ విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీని, 2017లో చక్రపాణి కమిటీని ప్రభుత్వము వేయవలసి వచ్చిందంటే ఆ గోడల మధ్య ఎంత ఒత్తిడి ఉన్నదో గ్రహించండి.

హన్నా తన బిడ్డను దేవుని మందిరములో విడిచినది. అయినను ఏటేటా అతనికి చిన్న అంగీ కుట్టి తీసుకొని వెళ్లేది. బిడ్డ ఎంత ఎదిగాడో ఆ తల్లికి తెలుసు. ఆ మందిరములోనే ఏలీ కుమారులు దుర్మార్గులై ఉండిరి. కాబట్టి సంస్థ పేరు మంచిదైనంత మాత్రాన చాలదు. వెళ్లి చూడాలి, బిడ్డతో ఏకాంతముగా మాట్లాడాలి. "ఇంటికి వస్తాను నాన్నా" అన్నపుడు, ఫీజు కట్టేశామని చెప్పి నోరు మూయించరాదు.

తల్లిదండ్రులారా, ఈ వారమే ఒక సాయంకాలము పనులు పక్కనపెట్టి బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకోండి. బడిలో ఎవరితో కూర్చుంటావు, ఇంటికి ఏ దారిన వస్తావు, ఎక్కడ భయం వేస్తుంది అని అడగండి. సగము నిర్ణయము ఆ మాటలలోనే దొరుకుతుంది. మిగిలిన సగము కొరకు కుటుంబముగా మోకరించి, జ్ఞానమిచ్చు దేవుని అడుగుదము.